అరుగు మీద మేము నేర్చుకోనిది



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చాపలు చుడుతుంటే ఒక తల్లి వచ్చి నిలబడింది. కొడుకు లా చదువు ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. వాడు వెనకాల చెప్పులు వేసుకుంటున్నట్టు నటిస్తూ నిలబడ్డాడు. "అయ్యగారూ, వీడు కోర్టులో వాదించడంట. మీడియేటర్ అవుతాడంట. తగవులు తీర్చడం కూడా ఒక ఉద్యోగమేనా? ఊళ్ళో పెద్దమనుషులు ఊరికే చేసే పనికి ఇంత డబ్బు పోసి చదివించానా? కాస్త ప్రార్థన చేసి వాడి మనసు మార్చండి" అంది.

ప్రార్థన చేశాం. మనసు మార్చమని మాత్రం అడగలేకపోయాం. ఎందుకో ఆవిడకు అప్పుడు చెప్పలేదు. రాత్రి అన్నం తింటుంటే ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది, ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. ఆ తల్లికి మేము జవాబు బాకీ ఉన్నాం. అది చెప్పాలంటే ముందు మా తప్పు చెప్పుకోవాలి.

మా సంఘంలో పాతవాళ్లకు ఈ సంగతి తెలుసు. పదిహేనేళ్లు దాటింది. మన సంఘంలోనే ఇద్దరు అన్నదమ్ములు ఉండేవాళ్ళు. అన్న కానుకల సంచి పట్టేవాడు. తమ్ముడు డోలక్ వాయించేవాడు. ఇద్దరి పొలాల మధ్య ఒక గట్టు, దాని పక్కన నీళ్ళ బోదె. గట్టు జరిగిందని తమ్ముడు, జరగలేదని అన్న. నాట్ల సమయానికి మాట మాట పెరిగి పారలు ఎత్తుకున్నారు. పోలీస్ స్టేషన్ దాకా పోకముందే మన దగ్గరికి తీసుకురండి అన్నారు పెద్దలు. పాస్టరు ఇంటి అరుగు మీద పంచాయితీ పెట్టాం.

అప్పటికి మేము చాలా తగవులు తీర్చాం, లేదా తీర్చామనుకున్నాం. కోళ్ల గొడవలు, చీటీ డబ్బులు, అత్తాకోడళ్ళ మాటలు. మా మాట ఎవరూ కాదనేవాళ్ళు కాదు. కాదనలేకపోవడానికీ ఒప్పుకోవడానికీ తేడా ఉందని మాకు అప్పుడు తెలియదు. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి విన్నాం. వాళ్ళు ఏం చెప్పారో ఇక్కడ రాయం. ఆ గొడవ అసలు భూమి గురించి కాదని మాత్రం చెప్పగలం. ఇద్దరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. అక్కడితో ఆగి, ఆ మాటలు ఒకరితో ఒకరు ఎలా చెప్పుకోగలరో వెతకాల్సింది. మేమేం చేశామంటే, కొలిచే మనిషిని పిలిపించాం. గొలుసు పట్టించాం. అన్న వైపు రెండు సెంట్లు ఎక్కువ ఉందని తేలింది. గట్టు వెనక్కి జరపమని తీర్పు చెప్పాం. అన్న "మీరు చెప్పాక ఇంకేముంది అయ్యగారూ" అని లేచాడు. గట్టు జరపలేదు.

అదైనా సర్దుకునేదేమో. రెండు వారాల తరవాత సహోదర ప్రేమ మీద వాక్యం చెబుతూ, పేర్లు లేకుండా, ఒక అన్న ఒక తమ్ముడు అంటూ అరుగు మీద విన్న సంగతి ఒకటి ఉదాహరణగా చెప్పాం. పేర్లు లేవు కదా అనుకున్నాం. మూడు వందల గడప ఉన్న ఊళ్ళో పేరు ఎవరికి కావాలి? తలలన్నీ ఒకవైపు తిరిగాయి. తమ్ముడి భార్య పాపను ఎత్తుకుని ప్రసంగం మధ్యలో లేచి వెళ్ళిపోయింది. సోమవారం పొద్దున తలుపు తీస్తే మందిరం మెట్ల మీద డోలక్ ఉంది. ఆ కుటుంబం మళ్ళీ మన మందిరానికి రాలేదు. పక్క ఊరి సహవాసానికి వెళ్తున్నారు.

ఇదంతా మళ్ళీ రాస్తే అదే తప్పు రెండోసారి చేసినట్టు కాదా అని మీరు అడగవచ్చు. మేమూ అదే అనుకున్నాం. అందుకే ఈసారి రాసిన కాగితం పట్టుకుని రెండు ఇళ్ళకూ వెళ్ళి చదివి వినిపించాం. రెండు చోట్ల కొన్ని మాటలు తీసెయ్యమన్నారు, తీసేశాం. సరేనన్న తరవాతే మీ ముందు పెడుతున్నాం.

ఇక రెండో మనిషి సంగతి. మన సంఘం ఆడపిల్ల, దగ్గరి పట్టణంలో కోర్టులో వకీలు. ఇరవై ఏళ్ళకు పైగా ప్రాక్టీసు. మేము చెల్లెమ్మా అంటాం, పేరు రాయవద్దంది. మొదట్లో సీనియర్ దగ్గర ఫైళ్ళు మోసింది, వాయిదాలకు నిలబడింది. గట్టు దావాలు, భాగం దావాలు, మనోవర్తి కేసులు. గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మనవాళ్ళు అనే మాట ఊరికే రాలేదని ఆమె చెబుతుంటుంది. తాత వేసిన దావాకు మనవడు వకాల్తా మీద సంతకం పెట్టడం ఆమె చూసింది.

పదేళ్ళ కిందట ఆమె నలభై గంటల మీడియేషన్ శిక్షణకు వెళ్ళి వచ్చింది. వచ్చిన వారం మా ఇంటికి వచ్చి అదే అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, మెల్లగా అంది: "అయ్యగారూ, తప్పుగా అనుకోకండి. ఆ అన్నదమ్ముల దగ్గర మీరు వినే మనిషిగా కూర్చున్నారు, తీర్పరిగా లేచారు, ఆదివారం ప్రసంగీకులై చెప్పేశారు. మూడూ ఒక మనిషి చెయ్యకూడదు." మా ఇద్దరిలో ఒకరికి కోపం వచ్చింది, ఒకరికి ఏడుపు వచ్చింది. ఎవరికేది వచ్చిందో చెప్పనక్కర్లేదు.

ఆమె దగ్గర ముక్కలు ముక్కలుగా నేర్చుకున్నదే ఆ తల్లికి చెప్పదలచుకున్నది.

మన భాషలో మధ్యవర్తి అనే మాట చాలా బరువు మోస్తుంది. పెళ్ళి కుదిర్చేవాడూ మధ్యవర్తే, పొలం అమ్మించి కమీషన్ తీసుకునేవాడూ మధ్యవర్తే, పంచనామా మీద సంతకం పెట్టేవాడూ మధ్యవర్తే. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందనే సామెత కూడా ఇలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది. కోర్టు పంపే మీడియేటర్ వీళ్ళలో ఎవరూ కాదు. ఎవరిది తప్పో అతను చెప్పడు. చెప్పే అధికారమూ అతనికి లేదు. మొదట ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తను ఎవరో, ఇక్కడ ఏం జరుగుతుందో చెబుతాడు. ఒక్కొక్కరి మాట మధ్యలో తుంచకుండా వింటాడు. తరవాత విడివిడిగా కూర్చుంటాడు. విడిగా విన్నది ఆ మనిషి అనుమతి లేకుండా అవతలివాడికి చెప్పడు. ఆ గదిలో అన్న మాటను రేపు కోర్టులో సాక్ష్యంగా వాడుకోకూడదు. కుదిరితే రాతపూర్వకంగా ఒప్పందం, ఇద్దరి సంతకాలు. కుదరకపోతే కేసు ఉన్నచోటికి తిరిగి వెళ్తుంది. అంతే. వినడానికి తేలిక. తీర్పు నోటి చివరిదాకా వచ్చినా మింగడం ఎంత కష్టమో మాకు తెలుసు, మేము మింగలేదు కనుక.

బాబూ, ఇది నీకోసం. ఈ పని ఎలా మొదలైందో కూడా తెలుసుకో. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 89వ సెక్షన్ 1999 సవరణతో వచ్చి 2002 జూలై 1 నుంచి అమలైంది. పెండింగ్‌లో ఉన్న దావాను జడ్జిగారు రాజీకి, లోక్ అదాలత్‌కు, మీడియేషన్‌కు పంపే దారి అది. 2005లో సుప్రీంకోర్టు మీడియేషన్ కోసం ఒక ప్రాజెక్టు కమిటీ వేసింది. నలభై గంటల శిక్షణ ఆ కమిటీ పెట్టిన పద్ధతే. వ్యాపార తగాదాల్లో అయితే, అత్యవసర ఉత్తర్వు అడగని దావాకు ముందు మీడియేషన్ ప్రయత్నించాలని కమర్షియల్ కోర్టుల చట్టంలో 2018లో 12ఎ సెక్షన్ చేర్చారు. అది తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2021 డిసెంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం తెరిచారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారు, కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టినవారు, దాని వెనక నిలబడ్డారు. 2023లో మీడియేషన్‌కంటూ విడిగా చట్టమే వచ్చింది. దాని ప్రకారం 120 రోజుల్లో ముగించాలి, ఇద్దరూ ఒప్పుకుంటే మరో 60 రోజులు. ఎవరికి ఇష్టం లేకపోయినా లేచి వెళ్ళవచ్చు. ఆ చట్టం మొత్తం ఒక్కసారిగా అమల్లోకి రాలేదు. 2023 అక్టోబరు 9న కొన్ని సెక్షన్లే మొదలయ్యాయి.

అందులో ఒక భాగం చదివి మేము ఆశ్చర్యపోయాం. ఊళ్ళో శాంతికి భంగం కలిగించే తగాదాలకు సముదాయ మధ్యవర్తిత్వం అని రాశారు. మంచి పేరున్న ముగ్గురు కలిసి కూర్చోవాలట. ఆ ఒప్పందం కోర్టు డిక్రీలాగా అమలుకు రాదు, శాంతి కోసం మాత్రమే. ముగ్గురు అన్నారు, ఒక్కడు అనలేదు. మా అరుగు మీద ఎప్పుడూ ఒకే కుర్చీ ఉండేది.

ఇక జీతం మాట. అమ్మా, మీరు అడిగింది అదే కదా. దాచకుండా చెప్పాలంటే, మన వైపు చిన్న కోర్టుల్లో ఇది జీతం పని కాదు. కేసుకింత అని గౌరవ వేతనం ఇస్తారు. శిక్షణ అయ్యాక మొదటి సంవత్సరం చెల్లెమ్మకు వచ్చిన కేసులు చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. దాని మీద ఇల్లు గడవదు. ఆమె తన ప్రాక్టీసు మానలేదు. మధ్యాహ్నం దాకా కోర్టు, సాయంత్రం డ్రాఫ్టింగు, వారంలో కొన్ని గంటలు మీడియేషన్ గది. హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల్లో కంపెనీల తగాదాలు, బిల్డర్ల తగాదాలు, కుటుంబ ఆస్తుల తగాదాలు ప్రైవేటుగా ఫీజు తీసుకుని చేసేవాళ్ళు ఉన్నారు. కానీ వాళ్ళ దగ్గరికి మనుషులు బోర్డు చూసి రారు, నమ్మి వస్తారు. ఆ నమ్మకానికి ఏళ్ళు పడుతుంది. కోర్టు జాబితాలోకి చాలా చోట్ల రిటైరైన జడ్జిలను, ఏళ్ళ తరబడి అనుభవం ఉన్న వకీళ్ళను తీసుకుంటారు. కొన్ని రంగాల నిపుణులకూ చోటుంది. కాలేజీ నుంచి నేరుగా వెళ్ళి కూర్చునే కుర్చీ కాదు ఇది.

"అయితే వాడిని ఏం చెయ్యమంటావు చెల్లెమ్మా?" అని మొన్న ఫోనులో అడిగాం. "ముందు అయిదారేళ్ళు కోర్టులో ఉండమనండి. దావా రాయడం నేర్చుకోనివ్వండి. వాయిదాకు బస్సెక్కి వచ్చి మళ్ళీ వాయిదా పడి వెళ్ళిపోయే మనుషుల మొహాలు చూడనివ్వండి. పక్క నుంచి శిక్షణ తీసుకోవచ్చు, లోక్ అదాలత్ రోజున వెళ్ళి సాయం చెయ్యవచ్చు. ఇంకోటి, మాట్లాడకుండా కూర్చోవడం ఇంట్లో ప్రాక్టీసు చెయ్యమనండి" అంది. ఆఖరిది తల్లి విని సంతోషిస్తుందనుకుంటాం.

ఆమె ఇంకో మాట కూడా ఎప్పుడూ అంటుంది. అన్ని తగవులూ ఈ గదిలోకి తేకూడదు. భర్త చెయ్యి చేసుకున్న ఇంట్లోని ఆడమనిషిని ఆ భర్త ఎదురుగా కూర్చోబెట్టి, "నీ మనసులో మాట చెప్పమ్మా" అనడం మధ్యవర్తిత్వం కాదు. భయం ఉన్న చోట రాజీ ఉండదు, లొంగుబాటే ఉంటుంది. ఇది విన్నప్పుడు, సర్దుకుపొమ్మని ప్రార్థన చేసి పంపించిన ఒకరిద్దరు అక్కచెల్లెళ్ళు మాకు గుర్తొచ్చారు. వాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళాం. అది ఇక్కడ రాసే సంగతి కాదు.

ఇప్పుడు ఆ అన్నదమ్ముల సంగతికి వద్దాం. అన్న ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. అన్న కొడుకులు బాబాయి మీద ఇంజంక్షన్ దావా వేశారు. అదే గట్టు, అదే బోదె. రెండేళ్ళు వాయిదాలు నడిచాక జడ్జిగారు మీడియేషన్‌కు పంపారు. మాకు ప్రాణం లేచి వచ్చింది. వెంటనే చెల్లెమ్మకు ఫోను చేశాం, ఇది నువ్వే చెయ్యాలి, దేవుడు నిన్ను ఇందుకే సిద్ధపరిచాడు అన్నాం. ఆమె ఒప్పుకోలేదు. "ఆ రెండిళ్ళూ నాకు తెలుసు. చిన్నప్పుడు వాళ్ళ పొలంలో రేగిపళ్ళు కోసుకున్నదాన్ని. ఒకవేళ ఫైలు నా దగ్గరికి వచ్చినా, నేను తెలిసినదాన్నని చెప్పి వెనక్కి ఇస్తాను." మాకు కష్టం తోచింది. తెలిసినవాళ్ళు కాక ఇంకెవరు కలుపుతారు? మన ఊళ్ళో మనకు తెలిసిన పద్ధతే అది కదా. ఎవరో తెలియని వకీలుగారికి ఇచ్చారు. పెద్దాయన, వేరే కులం, వేరే మతం.

మొదటి సిట్టింగు రోజున మేమిద్దరం వెళ్ళాం. కనీసం తలుపు దగ్గర ప్రార్థన చేసి లోపలికి పంపుదామని. కాసేపటికి గుమాస్తా వచ్చి, రెండో పార్టీ మీరు లోపల ఉండటానికి ఇష్టపడటం లేదండీ, బయట ఉంటే మంచిదన్నారు అన్నాడు. రెండో పార్టీ అంటే తమ్ముడు. పదిహేనేళ్ళ కిందట మా అరుగు మీద కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి. కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాం. తెచ్చుకున్న పులిహోర విప్పలేదు. ఆ మూడు గంటల్లో మా మనసులో లూకా సువార్త పన్నెండో అధ్యాయంలోని ఆ మనిషే తిరిగాడు. ఆస్తిలో నా భాగం పంచమని మా అన్నకు చెప్పు అని జనం మధ్యలోంచి ప్రభువును అడిగినవాడు. పంచే అధికారం లోకంలో ఎవరికైనా ఉందంటే ఆయనకే ఉంది. అయినా ఆ తీర్పరి స్థానంలో తనను ఎవరు పెట్టారని ఆయన తిరిగి అడిగాడు. పంచలేదు. లోభం గురించి చెప్పి ఊరుకున్నాడు. ఆ భాగం మీద మేము నాలుగైదు సార్లు ప్రసంగించి ఉంటాం, ప్రతిసారీ ధనవంతుడి కొట్ల దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. ఆయన కాదన్న పని మేము అంత సులువుగా ఎలా నెత్తికెత్తుకున్నామో ఆ బెంచీ మీద మొదటిసారి ఆలోచించాం.

నాలుగు సిట్టింగులు అయ్యాయి. మిగతా మూడింటికి మేము వెళ్ళలేదు. రాజీ కుదిరిందని విన్నాం. ఏ షరతుల మీద కుదిరిందో ఇప్పటికీ మాకు తెలియదు. ఒకసారి నోరు ఆగక చెల్లెమ్మను అడిగాం, ఆ పెద్దాయనతో మాట్లాడే ఉంటావు కదా అని. "ఆయన చెప్పరు, చెప్పినా నేను చెప్పను అయ్యగారూ" అని నవ్వింది.

పోయిన నాట్లప్పుడు ఆ డొంక వెంట వెళ్తుంటే ఆగి చూశాం. గట్టు ఎక్కడుందో అక్కడే ఉంది. ఒక్క అంగుళం జరగలేదు. గట్టు కింద నుంచి కొత్తగా ఒక సిమెంటు తూము వేశారు. అన్న పొలం వైపు బోదె నీళ్ళు దాని గుండా తమ్ముడి చేలోకి పారుతున్నాయి. మేము గొలుసు పట్టించి తేల్చిన రెండు సెంట్లు అన్న కొడుకుల వైపే ఉన్నాయి. తమ్ముడు అవతల గట్టు మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి తువ్వాలు భుజం మీద సర్దుకుని, "వందనాలు అయ్యగారూ, వందనాలు అమ్మగారూ" అన్నాడు. మేమూ వందనాలు చెప్పాం. ఇంకేమీ మాట్లాడుకోలేదు. మన మందిరానికి రమ్మని అడగాలనిపించింది. అడగలేదు. అది కూడా ఆయనకు వదిలేశాం.

అమ్మా, మీ అబ్బాయి మనసు మార్చమని అందుకే అడగలేకపోయాం. ఆ పని తెలిసిన మనిషి ఆ రోజుల్లో మన ఊళ్ళో ఒక్కరున్నా రెండు కుటుంబాలకు అన్నేళ్ళు పోయేవి కాదు. మాకైతే అది పనే అని తెలియలేదు, పెద్దరికం అనుకున్నాం.

వచ్చే శనివారం మధ్యాహ్నం చెల్లెమ్మ మన ఊరు వస్తోంది. అబ్బాయి వచ్చి కూర్చుని మాట్లాడతానన్నాడు. తల్లి కూడా వస్తానంది, నెలకు ఎంత వస్తుందో తనే స్వయంగా అడుగుతుందట. అరుగు మీద ఈసారి నాలుగు కుర్చీలు వేస్తున్నాం, మేము లోపల వంటింట్లో ఉంటాం. ముగ్గురి కోసం ప్రార్థన చెయ్యండి.